నలభై ఐదేళ్లకు అమెరికా రైల్‌రోడ్‌లో చేరితే: కండక్టరా, సిగ్నలా, డిస్పాచరా?

సాఫ్ట్‌వేర్‌లో రెండు లేఆఫ్‌లు చూసి, మూడోది ఎప్పుడొచ్చి పడుతుందోనని టెన్షన్ పడే వయసులో కొందరికి మనసు రైలు మీదికి పోతుంది. యూనియన్ ఉంది, పింఛను ఉంది, హెల్త్ ఇన్సూరెన్స్ బాగుంటుంది, డిగ్రీ అడగరు. ఆ ఆశలో తప్పేం లేదు. అయితే రైల్‌రోడ్‌లో చేరాలా వద్దా అన్నదానికంటే, అందులో ఏ పనికి చేరాలన్నది ముందు తేలాలి. నా లెక్కలో నలభై దాటినవాళ్లకు గూడ్సు రైలు కండక్టర్ (ఇంజిన్‌లో డ్రైవర్ పక్కన ఉండి, రైలు బాగోగులు చూసేవాడు) ఉద్యోగం ఆఖరి ఎంపిక కావాలి. ప్రకటనల్లో ఎక్కువగా కనిపించేదీ, అందరూ ముందు అప్లై చేసేదీ మాత్రం అదే.

ముందు అర్హత సంగతి. హెచ్-1బి మీద ఉన్నవాళ్లకు ఈ దారి లేదు. కండక్టర్, ట్రాక్ పనులు ఆ వీసా కిందికి రావు. గ్రీన్‌కార్డో, పౌరసత్వమో, ఎక్కడైనా పనిచేసుకోగల ఈఏడీయో (పని అనుమతి కార్డు) ఉండాలి. మన రైల్వే పరీక్షల్లోలాగా గరిష్ఠ వయోపరిమితి ఇక్కడ లేదు. 40 దాటినవాళ్లను వయసు చూసి తోసిపుచ్చకూడదని 1967 నుంచీ చట్టం ఉంది. కానీ ఒళ్లు పరీక్షకు నిలబడాలి. కండక్టర్‌కూ, రైలు నడిపే ఇంజినీర్‌కూ కళ్లద్దాలతోనైనా 20/40 చూపు ఉండాలి, సిగ్నల్ రంగులు తేడా లేకుండా గుర్తుపట్టాలి, వినికిడి కూడా చూస్తారు. డ్రగ్ టెస్ట్‌లో గంజాయి కనబడితే మీ రాష్ట్రంలో అది చట్టబద్ధమే అన్న వాదన చెల్లదు. ఇది ఫెడరల్ నియమం.

ఇక అసలు విషయం సీనియారిటీ. రైల్‌రోడ్‌లో మీ తెలివి, అనుభవం, పాత కంపెనీలో మీ హోదా ఎవరికీ పట్టవు. ఆ పనిలో చేరిన తేదీయే మీ కులం, గోత్రం. మీకంటే ఒక్కరోజు ముందు చేరిన ఇరవై రెండేళ్ల కుర్రాడు మీకు సీనియర్. పగటి డ్యూటీ, పండగ సెలవు, ఇంటికి దగ్గరి యార్డు, అన్నీ అతను బిడ్ వేసి తీసుకున్నాక మిగిలిందే మీకు. అతని పోస్టు రద్దయితే మిమ్మల్ని బంప్ చేసి మీ పోస్టులోకి వస్తాడు. ట్రాఫిక్ తగ్గితే ముందు ఫర్లో మీకే, అంటే జీతం లేకుండా ఇంట్లో కూర్చోబెడతారు. ఒకే రోజు చేరిన బ్యాచ్‌లో కొన్ని ఒప్పందాల ప్రకారం వయసులో పెద్దవాడికి ముందు నంబరిస్తారు. నెరిసిన జుట్టు పనికొచ్చే చోటు అదొక్కటే అనుకుంటా. పాతికేళ్లకు చేరినవాడు పదేళ్లు రాత్రుళ్లు కాసి, ముప్ఫై ఐదుకు మంచి డ్యూటీ పట్టుకుంటాడు. నలభై ఐదుకు చేరిన మీకు ఆ డ్యూటీ యాభై ఐదుకు వస్తుంది. అందుకని నేను పోల్చేటప్పుడు జీతం కంటే ముందు ఒకటి చూస్తాను: ఏ పనిలో జూనియర్‌గా ఉండటం తక్కువ బాధ?

గూడ్సు కండక్టర్‌గా అది ఎలా ఉంటుందంటే, మీరు ఎక్స్‌ట్రా బోర్డులో ఉంటారు, అంటే సొంత రైలంటూ లేకుండా ఎప్పుడు పిలిస్తే అప్పుడు వెళ్లే జాబితాలో. సాయంత్రం లైనప్ (పిలుపుల వరస) చూస్తే మీ పేరు ఐదోది. పొద్దున్నే పిలుస్తారులే అనుకుని, పిల్లాడి హోంవర్క్ చూసి పదకొండింటికి నడుం వాలుస్తారు. ఒంటిగంటన్నరకు ఫోన్ మోగుతుంది: మూడింటికి డ్యూటీ. పైనున్న వాళ్లలో ఒకరు సిక్ చెప్పారు, అనుకోని రైలు ఒకటి తగిలింది, మీ వంతు ముందుకు జరిగింది. నిద్రమొహంతో ఇంజిన్ ఎక్కాక, ఎక్కడో దారిలో ఎమర్జెన్సీ బ్రేకులు పడి రైలు ఆగుతుంది. ఇంజినీర్ క్యాబ్‌లోనే ఉంటాడు, దిగి నడవాల్సింది కండక్టరే. రైలు పొడవు మైలున్నర, ఒక్కోసారి రెండు మైళ్లు. చేతిలో లాంతరు, నడుముకు రేడియో, కాళ్ల కింద జారే కంకర. నకిల్ విరిగిందనుకుందాం. రెండు వ్యాగన్లను పట్టి ఉంచే ఉక్కు కొక్కెం అది, బరువు దాదాపు 80 పౌన్లు. కొత్తదాన్ని ఎత్తి, పిన్ను పట్టేదాకా అలాగే ఆనించి పట్టుకోవాలి. పాతికేళ్ల నడుముకు ఇది జిమ్. నలభై ఎనిమిదేళ్ల నడుముకు ఏమవుతుందో మీకే తెలియాలి. పట్టాల మీద దెబ్బ తగిలితే మామూలు వర్కర్స్ కంప్ (తప్పెవరిదైనా పని గాయానికి ఇచ్చే పరిహారం) కూడా వర్తించదు. 1908 నాటి ఎఫ్‌ఈఎల్‌ఏ చట్టం కింద రైల్‌రోడ్ నిర్లక్ష్యం ఉందని చూపించుకోవాలి. నష్టపరిహారం పెద్దది రావచ్చు, కానీ తప్పెవరిదో తేలాలి.

విశ్రాంతికి చట్టం లేకపోలేదు. రైలు సిబ్బంది వరసగా 12 గంటలకు మించి పనిచేయకూడదు, తర్వాత 10 గంటలు ఫోన్ కూడా చేయకుండా వదిలేయాలి. వరసగా ఆరు రోజులు డ్యూటీ ఎక్కితే సొంత టెర్మినల్‌లో 48 గంటలు సెలవు. 2008 చట్టం వచ్చాక ఈ లెక్క గట్టిపడింది. కానీ ఆ 10 గంటలు మీ ఇంట్లోనే గడవాలని ఎక్కడా లేదు. అవతలి టెర్మినల్ హోటల్‌లో మధ్యాహ్నం పన్నెండుకు కర్టెన్లు మూసి పడుకున్నా అది విశ్రాంతే.

ఇక ఉద్యోగ భద్రత. రైల్‌రోడ్ అంటే జీవితాంతం ఉంటుందన్న మాట పాతది. పెద్ద గూడ్సు కంపెనీలు ఆరేళ్లలో దాదాపు 45,000 మందిని, అంటే 29 శాతం సిబ్బందిని తగ్గించాయని 2022లో రైల్‌రోడ్లను నియంత్రించే ఫెడరల్ సంస్థ సర్ఫేస్ ట్రాన్స్‌పోర్టేషన్ బోర్డు అధ్యక్షుడే చెప్పాడు. తక్కువ రైళ్లు, పొడవైన రైళ్లు, తక్కువ మనుషులు అన్న ప్రెసిషన్ షెడ్యూల్డ్ పద్ధతి ఫలితం అది. అదే ఏడాది యూనియన్లు సమ్మె దాకా వెళ్తే డిసెంబరులో కాంగ్రెస్ చట్టం చేసి ఒప్పందాన్ని రుద్దింది. ఐదేళ్లకు కలిపి 24 శాతం జీతాల పెంపు వచ్చింది గానీ, ఏడు రోజుల సిక్ లీవు బిల్లు సెనేట్‌లో వీగిపోయింది. తర్వాత చాలా యూనియన్లు కంపెనీలతో విడిగా మాట్లాడుకుని కొన్ని రోజులు సాధించుకున్నాయి. 2025 జూలైలో యూనియన్ పసిఫిక్, నార్ఫోక్ సదరన్ కలిసిపోతామని ప్రకటించాయి. ఇలాంటి కలయికల్లో రోస్టర్ (సీనియారిటీ జాబితా) అడుగున ఉన్నవాళ్లకే ఎక్కువ టెన్షన్.

అదే కండక్టర్ పని ప్యాసింజర్ రైళ్లలో అయితే లెక్క మారుతుంది. షికాగోలో మెట్రా, న్యూజెర్సీ ట్రాన్సిట్, లాంగ్ ఐలాండ్ రైల్‌రోడ్ లాంటి కమ్యూటర్ రైళ్లలో అసిస్టెంట్ కండక్టర్‌గా చేరతారు. టికెట్లు చూడటం, తలుపులు, ప్రకటనలు, ప్రయాణికులతో మాటలు. రాత్రికి ఇంటికొస్తారు. ఇదొక్కటే నా దృష్టిలో సగం జీతంతో సమానం. గూడ్సు వ్యాపారం తగ్గినట్టు ఇక్కడ రైళ్లు తగ్గవు, టైమ్‌టేబుల్ ప్రకారం నడవాల్సిందే. బాధ వేరే చోట ఉంది: స్ప్లిట్ షిఫ్టు. పొద్దుటి రద్దీకి ఒక ముక్క, సాయంత్రం రద్దీకి ఇంకో ముక్క, మధ్యలో నాలుగైదు గంటలు యార్డు గదిలో కుర్చీ. జూనియర్లకు శనాదివారాలు ఉండవు. తాగి టికెట్ కొననని మొండికేసేవాడితో ఓపిగ్గా మాట్లాడటం కూడా పనిలో భాగమే. ఇరవై ఏళ్లు క్లయింట్ల కాల్స్ తీసుకున్నవాళ్లకు అదంత కొత్తగా అనిపించదేమో. చిక్కల్లా ఈ ఉద్యోగాలు కొన్ని మహానగరాల్లోనే ఉండటం, పోటీ ఎక్కువ కావడం.

నన్నడిగితే, సాంకేతిక నేపథ్యం ఉన్నవాళ్లు మొదట చూడాల్సింది సిగ్నల్ విభాగం. రోడ్డు క్రాసింగ్ దగ్గర గేటు సమయానికి పడటం, రైలును ఒక పట్టా నుంచి ఇంకో పట్టాకు మళ్లించే పాయింట్లు సరిగ్గా కుదరడం, ముందు రైలు ఉంటే సిగ్నల్ ఎర్రగా ఉండటం, ఇవన్నీ చూసుకునేది సిగ్నల్ మెయింటెయినర్. సర్క్యూట్ డయాగ్రమ్ చదవాలి, మీటరు పట్టి ఎక్కడ వోల్టేజీ పడిపోతోందో వెతకాలి, పాత రిలేల పక్కనే కొత్త ప్రాసెసర్ కార్డులుంటాయి. 2020 చివరికి ప్రమాదం ఉంటే రైలును తానే ఆపేసే పాజిటివ్ ట్రైన్ కంట్రోల్ పూర్తిగా అమల్లోకి వచ్చాక రేడియోలు, నెట్‌వర్క్, జీపీఎస్ కూడా ఈ ప్రపంచంలోకి వచ్చేశాయి. ఎక్కడ తప్పుందో ఓపిగ్గా వెతికే అలవాటు ఇక్కడ నిజంగా పనికొస్తుంది. సీనియారిటీ ఇక్కడా ఉంది. కొత్తవాళ్లను మొదట కన్‌స్ట్రక్షన్ గ్యాంగ్‌లో వేస్తారు, వారంలో నాలుగు రాత్రులు మోటెల్‌లో గడవచ్చు. అక్కణ్నుంచి ఒక సెక్షన్‌కు బిడ్ వేసి మెయింటెయినర్ అయ్యాక మాత్రం రోజూ పొద్దున్నే వెళ్లి సాయంత్రం వచ్చే బతుకు. నెలనెలా చేయాల్సిన క్రాసింగ్ పరీక్షలు పగలే చేస్తారు. రాత్రి గేటు విరిగిందని పిలుపు రావచ్చు, వానలో బురదలో నిలబడాలి. అయినా అది మీ సెక్షన్, పని అయ్యాక మీ మంచం. ఇంకో మేలు, ఈ పని నేర్చుకున్నవాళ్లకు మెట్రో సంస్థల్లో, సిగ్నల్ పరికరాలు తయారుచేసే కంపెనీల్లో కూడా గిరాకీ ఉంటుంది. గూడ్సు కండక్టర్ అనుభవానికి రైలు బయట అంత విలువ లేదు.

డిస్పాచర్ ఉద్యోగం కంకర మీద కాలు పెట్టకుండా రైల్‌రోడ్‌లో ఉండే దారి. వరస తెరల ముందు కూర్చుని, కొన్ని వందల మైళ్ల లైను మీద ఏ రైలు ఎక్కడ ఆగాలి, ఏది ముందు పోవాలి, ట్రాక్ పనివాళ్లకు ఎంతసేపు లైను ఇవ్వాలి అన్నది నిమిషాల మీద నిర్ణయించాలి. మాట తప్పుగా పలికితే అవతల మనుషుల ప్రాణాలు. ఒంటికి శ్రమ లేదు, బుర్రకు మాత్రం ఊపిరాడదు. రెండు, మూడు షిఫ్టులు నడిచే ఆఫీసుల్లో రోజుకు 9 గంటలే పరిమితి. జూనియర్‌కు రాత్రి షిఫ్టు ఖాయం. ఆ షిఫ్టుకు కనీసం ఒక నిర్ణీత సమయం ఉంటుంది, ఎక్స్‌ట్రా బోర్డుకు అదీ ఉండదు. 2024లో వచ్చిన ఫెడరల్ నియమం ప్రకారం డిస్పాచర్లకూ సిగ్నల్ సిబ్బందికీ కూడా సర్టిఫికేషన్ తప్పనిసరి అయింది. అడ్డంకి ఊరు. యూనియన్ పసిఫిక్‌కు ఒమాహా, బీఎన్‌ఎస్‌ఎఫ్‌కు ఫోర్ట్‌వర్త్, సీఎస్‌ఎక్స్‌కు జాక్సన్‌విల్, నార్ఫోక్ సదరన్‌కు అట్లాంటా. ఫోర్ట్‌వర్త్, అట్లాంటా పక్కన ఇప్పటికే ఉన్నవాళ్లు అదృష్టవంతులు. హైస్కూల్లో ఉన్న పిల్లలతో ఒమాహాకు మారడం మాత్రం ఇంట్లో ఒక పెద్ద చర్చే.

ట్రాక్ గ్యాంగుల గురించి ఎక్కువ రాయను. స్లీపర్లు, పట్టాలు మార్చే పని, రాష్ట్రాలు దాటి తిరగడం. నలభై ఐదుకు మొదలుపెట్టే పని కాదు. వ్యాగన్లు బాగుచేసే షాపులో, డీజిల్ ఇంజిన్ షాపులో ఎలక్ట్రీషియన్, మెకానిక్ పనులు నయం, చేతిలో ఆ పని ముందే ఉంటే.

డబ్బు విషయంలో ఎక్కువమంది పొరబడేది పింఛను దగ్గర. 60 ఏళ్లకే పూర్తి పింఛనుతో దిగిపోవచ్చని చెప్పుకుంటారు. అది 30 ఏళ్ల సర్వీసు ఉన్నవాళ్లకు. మీరు 45కు చేరితే 30 ఏళ్లు నిండేసరికి 75 వస్తాయి. కాబట్టి మామూలుగా 67 దాకా అనుకోండి. రైల్‌రోడ్ రిటైర్మెంట్‌లో రెండు అంతస్తులున్నాయి. టైర్ 1 సోషల్ సెక్యూరిటీ (అమెరికా ప్రభుత్వ పింఛను) లాంటిదే. ఇంతకుముందు మీరు కట్టిన క్రెడిట్లు కూడా ఇందులో కలుస్తాయి, వృథా పోవు. కానీ రెండూ విడివిడిగా పూర్తిగా రావు. సోషల్ సెక్యూరిటీ వస్తే అంత మేరకు టైర్ 1 తగ్గుతుంది. అసలు లాభం టైర్ 2. జీతంలో మీరు 4.9 శాతం కడితే కంపెనీ 13.1 శాతం కడుతుంది. లెక్క సులువు: ఎక్కువ జీతం వచ్చిన 60 నెలల సగటులో 0.7 శాతాన్ని సర్వీసు ఏళ్లతో గుణించాలి. సగటు నెలకు 7,000 డాలర్లు, సర్వీసు 22 ఏళ్లు అనుకుంటే నెలకు 1,078 డాలర్లు, టైర్ 1కి అదనంగా. దాని మీద జీవిత భాగస్వామికి 45 శాతం. బతికున్నంత కాలం వచ్చే ఈ మొత్తాన్ని 401కె అనే రిటైర్మెంట్ పొదుపు ఖాతాలో సొంతంగా కూడబెట్టాలంటే ఎంత దాచాలో ఒకసారి లెక్కవేసుకోండి, తక్కువేం కాదు. కానీ లక్షన్నర డాలర్ల ఐటీ జీతం వదిలి వస్తుంటే ఆ లోటును ఇది పూడ్చదు. లేఆఫ్ అయి ఏడాదిగా ఖాళీగా ఉన్నవాళ్లకు, ఉద్యోగంలో ఉండి విసుగెత్తినవాళ్లకు ఈ లెక్క ఒకటి కాదు. విసుగే కారణమైతే నేనైతే కదలను.

ఇందులో ఒక గీత ఉంది, అది గుర్తుండాలి: 60 నెలలు. ఐదేళ్ల సర్వీసు నిండకుండా వదిలేస్తే మీ క్రెడిట్లు సోషల్ సెక్యూరిటీకి పోతాయి, టైర్ 2 కింద కట్టింది మీకు తిరిగి రాదు. పనిచేసిన నెలలే లెక్కకొస్తాయి, ఫర్లోలో ఖాళీగా గడిపిన నెలలు రావు. అందుకే యాభై రెండు, యాభై మూడేళ్లకు గూడ్సు కండక్టర్‌గా చేరదామనుకునేవాళ్లు నియామకం రోజున జీతం కంటే ముందు రెండు ప్రశ్నలు వేయాలి. ఈ టెర్మినల్‌లో ఆఖరిసారి ఫర్లో ఎప్పుడు పడింది? రోస్టర్‌లో నా కింద ఎంతమంది ఉంటారు? రెండో ప్రశ్నకు ఎవరూ ఉండరని జవాబొస్తే, అక్కడే మెట్రా అప్లికేషన్ తెరవండి.