చిన్న పగడపు అక్వేరియానికి ఏ బ్లెన్నీ మేలు?

ఉప్పునీటి అక్వేరియంలో రాళ్లకు పాచి పట్టగానే, దాన్ని తినే బ్లెన్నీలనే చిన్న సముద్రపు చేపల్లో ఏది తెచ్చుకుంటే మేలని నన్ను తరచుగా అడుగుతుంటారు. పోటీ నిజానికి లాన్‌మోవర్, టెయిల్‌స్పాట్ అనే రెండింటి మధ్యనే. మొదటిది ఎర్రసముద్రం నుంచి సమోవా దాకా కనిపించే, 14 సెంటీమీటర్ల వరకు పెరిగే చేప. రెండవది ఫిలిప్పీన్స్, ఇండోనేషియా పగడపు దిబ్బలకు చెందిన, 6 సెంటీమీటర్లకు ఆగిపోయే చిన్న ప్రాణి.

పాచి ఎక్కువగా తినడమే కొలమానమైతే లాన్‌మోవర్‌దే పైచేయి. అయితే నా దృష్టిలో అసలు చూడవలసింది, పాచి అయిపోయాక ఆ చేప ఏం తిని బతుకుతుందన్నది. దువ్వెనలా బారులు తీరిన లాన్‌మోవర్ సన్నని, కదిలే పళ్లు రాతిమీది పలుచని పాచినీ, అందులో చిక్కుకున్న నలుసులనూ గీరి తీయడానికి అమరినవి. పగలంతా అది అలా మేస్తూనే ఉండాలి. చిన్న తొట్టిలో ఆ మేత కొద్ది వారాలకే తరిగిపోతుంది. అప్పుడు మనం వేసే గుళికలను ఆహారమని గుర్తించని లాన్‌మోవర్లు, శుభ్రపడిన ఆ రాళ్ల మధ్యనే డొక్కలు ఎండి చనిపోతాయి. టెయిల్‌స్పాట్ కూడా పాచి గీరేదే కానీ, దాని ఒంటికి కావలసిన మేత తక్కువ. పైగా స్పైరులినా కలిపిన మేతకూ, ఎండు సముద్రపు నాచుకూ అది సాధారణంగా త్వరగానే అలవాటు పడుతుంది. ఇటీవల నా 80 లీటర్ల తొట్టికి దీన్నే ఎంచుకోవడానికి కారణం అదే తప్ప, తోక మొదట ఉన్న నల్లచుక్క అందం కాదు. అదీ కొంత ఉందని ఒప్పుకోవాలి. జుట్టులా పెరిగిన పాచిని మాత్రం ఇది వదిలిస్తుందని ఆశించకూడదు.

నాలుగైదు వందల లీటర్ల తొట్టి, అందులో ఏళ్లనాటి రాళ్లు ఉన్నవారు నిశ్చింతగా లాన్‌మోవర్‌ను తెచ్చుకోవచ్చు.

బైకలర్ బ్లెన్నీ చూడముచ్చటగా ఉంటుంది కానీ, అప్పుడప్పుడు పగడాలను కొరుకుతుంది. మిడాస్ బ్లెన్నీ నీటిలో తేలే సూక్ష్మజీవులను తినేది కనుక పాచి ప్రశ్నకు అది జవాబు కాదు.

ఏది కొన్నా దుకాణంలోనే మేత వేయించి, చేప తినడం కళ్లారా చూశాకే డబ్బు చెల్లించండి. పొట్ట లోపలికి పీక్కుపోయి ఉంటే ఎంత తక్కువ ధరకు ఇస్తామన్నా వదిలేయండి. ఇవి ఎగిరి బయటపడే చేపలు కాబట్టి తొట్టికి మూత తప్పనిసరి.