ఆన్‌లైన్ ఫ్రెంచి ట్యూషన్: ఏడాది ప్యాకేజీకి ఓటీపీ చెప్పేముందు ఇది చదవండి

బడిలో ఫ్రెంచి తీసుకున్న పిల్లల ఇళ్లలో చాలావాటిలో ఆ భాష వచ్చిన పెద్దవాళ్లు ఉండరు. పిల్ల నేర్చుకుందో లేదో మనం తేల్చుకోలేమన్న ధీమాతోనే ఈ ప్యాకేజీలు అమ్ముడుపోతున్నాయి. ఇక్కడ ఏ సంస్థ పేరూ రాయడం లేదు. పద్ధతి గుర్తుపడితే పేరు ఏదైనా ఆగగలుగుతారు.

ముందు డబ్బు సంగతి. ఉచిత డెమోలో మంచి టీచరు కనిపిస్తారు. డెమో అవగానే ఫోను వస్తుంది: ఈ రోజే కడితే సగం ధర, రేపు ఉండదు. అంత ఒకేసారి కట్టలేమంటే "వడ్డీ లేని ఈఎంఐ" అంటారు. పాన్, ఆధార్, ఓటీపీ అడుగుతారు. అక్కడ ఆగిపోండి. అది ట్యూషన్ ఫీజుకి వాయిదా కాదు, ఒక ఫైనాన్స్ కంపెనీ మీ పేరున ఇచ్చే అప్పు. మొత్తం సొమ్ము ట్యూషన్ సంస్థకి ముందే చేరిపోతుంది. పిల్లకి నచ్చక మానేసినా, టీచరు మారిపోయినా కిస్తీ మాత్రం ఆగదు. మీరు ఆపితే సిబిల్ స్కోరు దెబ్బతినేది మీదే. ఇప్పటికే తీసేసుకున్నవాళ్లు లోన్ కాగితాల్లో కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ (అప్పు షరతుల సారాంశం) తెరిచి కూలింగ్ ఆఫ్ గడువు ఎన్ని రోజులో చూడండి. ఆ లోపు అసలు, ఆ కొద్ది రోజుల వడ్డీ కట్టి ముందస్తు ముగింపు జరిమానా లేకుండా బయటపడవచ్చు. ప్రాసెసింగ్ ఫీజు మాత్రం పట్టుకోవచ్చు. ఫోనులో చెప్పి ఊరుకోకండి, అప్పిచ్చినవాళ్లకీ ట్యూషన్ వాళ్లకీ అదే రోజు మెయిల్ పెట్టండి. యూపీఐ ఆటోపే పెట్టి ఉంటే ట్యూషన్ యాప్ తీసేసినంత మాత్రాన అది రద్దు కాదు. మీ యూపీఐ యాప్‌లో మ్యాండేట్ల (ఆటోపే అనుమతుల) దగ్గరికి వెళ్లి అక్కడే రద్దు చేయాలి.

తర్వాతి మాట "మూడు నెలల్లో ఏ1". ఏ1 అంటే భాషా స్థాయిల్లో మొదటి మెట్టు. లెక్క వేయండి. 45 నిమిషాల క్లాసులు 24 అంటే 18 గంటలు. ఏ1 స్థాయికి మామూలుగా 60 నుంచి 100 గంటల చదువు కావాలి. చివర్లో రంగుల సర్టిఫికెట్ ఇస్తారు, దాని మీద ఏ1 అనే ఉంటుంది, కానీ అది డెల్ఫ్ కాదు. డెల్ఫ్ డిప్లొమా ఫ్రాన్సు విద్యాశాఖది, గుర్తింపు ఉన్న కేంద్రంలో పరీక్ష రాస్తేనే వస్తుంది. హైదరాబాద్‌లో అలియాన్స్ ఫ్రాన్సేజ్ అనే ఫ్రెంచి భాషా సంస్థ ఆ పరీక్ష పెడుతుంది. వినడం, చదవడం, రాయడం, మాట్లాడటం ఒక్కోటి 25 మార్కులు. మొత్తం 50 రావాలి, ఏ ఒక్కదాంట్లో 5 కన్నా తగ్గినా తప్పినట్టే.

సీబీఎస్‌ఈ పదో తరగతి దారి వేరు. 80 మార్కుల రాత పరీక్ష, వ్యాకరణం, ఉత్తరాలు, పాఠ్యపుస్తకం. కబుర్ల పద్ధతిలో ఏడాది నడిచిన ట్యూషన్ ఈ పరీక్షకి అక్కరకు రాదు. పిల్లకి ఏది కావాలో మీరే ముందు చెప్పి, బడి పుస్తకం వాళ్ల చేతికిచ్చి, ఏ పాఠం ఏ నెలలో చెబుతారో రాయించుకోండి. కెనడాలో ఫ్రెంచి ఇమ్మర్షన్ బడుల్లో పిల్లలున్న మనవాళ్లకి ఈ తేడా ఇంకా పెద్దది. అక్కడ చాలాచోట్ల లెక్కలూ సైన్సూ లాంటివి కూడా ఫ్రెంచిలోనే చెబుతారు, పలకరింపులతో మొదలయ్యే ప్యాకేజీ వాళ్లకి వృథా ఖర్చు.

ఇక హోంవర్క్ సాయం. అసలు నష్టం ఇక్కడే జరుగుతుంది. ఫొటో పెడితే పది నిమిషాల్లో జవాబు వస్తుంది, చాలాసార్లు అది ఇంగ్లీషు నుంచి యంత్రం చేసిన అనువాదమే. ఇంగ్లీషు "యూ"కి నువ్వు, మీరు అనే తేడా లేదు, ఫ్రెంచికి ఉంది: త్యు, వూ. టీచరుకి రాసే ఉత్తరంలో త్యు, స్నేహితురాలికి రాసేదాంట్లో వూ కనిపిస్తే ఎవరూ చూసి రాయలేదని అర్థం. నిజానికి ఈ తేడా తెలుగు పిల్లలకి చెప్పకుండానే తెలుసు, పాడుచేసేది ఆ జవాబులే. వయసు చెప్పే వాక్యం కూడా చూడండి. ఫ్రెంచిలో 12 ఏళ్లు "ఉన్నాను" అనరు, "కలిగి ఉన్నాను" అంటారు: జే దూజ్ ఆఁ. అక్కడ "జ సుయి" అని ఉంటే తప్పు. జవాబుతో పాటు పిల్ల చేసిన తప్పు, దాని సూత్రం రాసి పంపని సాయం కాపీ కొట్టడమే. పరీక్ష హాల్లో ఆ ఫొటో ఉండదు.

ఫ్రెంచి రాకపోయినా డెమోలో మీ చెవితో పట్టగలిగినవి ఉన్నాయి. "నా స్నేహితురాలు" చెప్పమనండి. మొనామీ అని కలిసి రావాలి, "మా అమీ" అంటే ఆ టీచరు వద్దు. "స్నేహితులు" లేజామీ అవుతుంది, "లే అమీ" కాదు. బోఁజూర్‌లో ముక్కుతో పలికేది మన అరసున్నలాంటిది. "బాన్‌జూర్" అని నకారం గట్టిగా పలుకుతున్నారంటే పిల్లకీ అదే అంటుకుంటుంది, తర్వాత మాన్పించడం కష్టం.

కొనాలనుకుంటే ఒక్క నెల, ఎనిమిది క్లాసులు కొనండి. డెమో చెప్పిన టీచరే చెబుతారా, విడిగానా గుంపులోనా, రాలేమని ఎన్ని గంటల ముందు చెబితే క్లాసు పోదు, మిగిలిన క్లాసుల డబ్బు ఎన్ని రోజుల్లో తిరిగిస్తారు, ఈ నాలుగూ మెయిల్‌లో రాయించుకోండి. మాటల్లో ఒప్పుకుని మెయిల్ పంపకపోతే కొనకండి.

డబ్బు ఇరుక్కున్నవాళ్లు చాట్ స్క్రీన్‌షాట్లు, ఇన్‌వాయిస్, క్లాసుల హాజరు ఇప్పుడే దాచుకోండి, ఖాతా మూసేస్తే యాప్‌లో కనిపించవు. ముందు 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. సంస్థ ఆఫీసు బెంగళూరులో ఉన్నా, ఢిల్లీలో ఉన్నా, 2019 చట్టం ప్రకారం మీరున్న జిల్లాలోనే కేసు వేయవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు కూడా ఉండదు.