నీళ్లు నిలిచి నాచు పట్టే లాన్‌కు చేతి ఏరేటర్: కొన్నేళ్ల వాడకం తర్వాత సమీక్ష

విశాఖపట్నంలో సింహాచలం కొండ దిగువన, అడవివరం వైపు ఉన్న మా ఇంటి లాన్‌కు కొన్నేళ్లుగా కాలితో తొక్కి దింపే గొట్టపు పళ్ల ఏరేటర్‌ను వాడుతున్నాను; నేలలో రంధ్రాలు చేసి గాలి, నీరు లోపలికి దిగనిచ్చే పనిముట్టు ఇది. నాచు పట్టిన లాన్‌కు ఏ మందు చల్లాలని అడిగేవారికి నేను ముందుగా చెప్పేది ఈ పనిముట్టు గురించే. నాచు తనంతట తాను వచ్చి గడ్డిని చంపదు. అడుగున గాలి ఆడక, నీరు ఇంకక గడ్డి పలచబడిన చోటును అది ఆక్రమిస్తుంది. కాబట్టి నేలను గుల్ల చేసి, ఆ రంధ్రాలను ఏటి ఇసుకతో నింపడమే అసలు వైద్యం అని నా అనుభవం. అయితే నిలిచిన నీటికి బయటికి పోయే దారే లేని పెరట్లో ఈ పనిముట్టు ఒక్కటే గట్టెక్కించలేదన్నది కూడా అంతే నిజం.

మా వైపు నేల ఖొండలైటు రాయి శిథిలమై ఏర్పడిన ఎర్రమట్టి. పైకి గరుకుగా, ఇసుకపాలు ఉన్నట్టే కనిపిస్తుంది గాని, కొండ మీది నుంచి కొట్టుకువచ్చిన సన్నని బంకమట్టి దిగువ పెరళ్లలో పేరుకుంటుంది. దాని మీద ఇల్లు కట్టేటప్పుడు లారీలు తిరగడం, మిగిలిన సిమెంటు పిడచలూ ఇటుక ముక్కలూ అక్కడే పూడ్చి పైన నాలుగు అంగుళాల మట్టి పరిచి గడ్డి పలకలు అతికించడం మన ఊళ్లో మామూలు. అటువంటి నేల మీద జూన్ నుంచి నైరుతి వానలు, ఆపైన అక్టోబరులో తుపాను వానలు పడితే, నీరు పైపొరలోనే నిలిచిపోతుంది. మీ నేల పరిస్థితి తెలుసుకోవాలంటే అడుగు లోతు గుంత తవ్వి, దాన్ని ఒకసారి నీటితో నింపి ఇంకనిచ్చి, మళ్లీ నింపి చూడండి. రెండోసారి పోసిన నీరు మర్నాటికీ మిగిలి ఉంటే, ఎన్ని మందులు చల్లినా నాచు తిరిగి వస్తుందని తేల్చుకోవచ్చు.

ఈ పనికి ఉగాదికి ముందు వారాలే సరైన కాలమని నేను గట్టిగా నమ్ముతున్నాను. చలికాలంలో మందగించిన కొరియన్ గడ్డి, గరిక ఎండ ముదురుతున్నకొద్దీ జోరు అందుకుంటాయి కనుక, ఏరేటర్ చేసిన గాయాలు త్వరగా పూడుకుంటాయి. చాలామంది ఇదే కాలంలో మోసపోతారు కూడా. మార్చి ఎండకు నాచు గోధుమరంగుకు తిరిగి, చెప్పుకాలి కింద పొడిపొడిగా రాలుతుంటే, వేసవి దాన్ని చంపేసిందని వదిలేస్తారు. నాచుకు నిజమైన వేర్లు ఉండవు. ఆకులతోనే నీరు పీల్చుకుంటుంది, ఎండిపోయిన స్థితిలో నెలల తరబడి ఓర్చుకుని, తొలకరి చినుకులకే మళ్లీ పచ్చబడుతుంది. అందువల్ల నాచు ఎక్కడెక్కడ ఉందో ఇంకా కంటికి ఆనుతున్నప్పుడే, అంటే మాఘ ఫాల్గుణాల్లోనే, పని ముగించాలి.

నా దగ్గరున్న ఏరేటర్‌కు నడుము ఎత్తు వచ్చే ఉక్కు పిడి, అడుగున పాదం మోపే అడ్డకమ్మీ, దానికి రెండు బోలు గొట్టాలు ఉన్నాయి. గొట్టం అరంగుళం వ్యాసం ఉంటుంది, నేలలోకి మూడున్నర అంగుళాల దాకా దిగుతుంది. బజారులో దొరికే మేకుల చెప్పులు, ముళ్ల రోలర్లు నేలలో రంధ్రం చేసేది మట్టిని పక్కకు నొక్కే. బంకమట్టిలో ఆ రంధ్రం గోడలు మరింత గట్టిపడతాయి. గొట్టపు పన్ను మాత్రం మట్టిని కోసి బయటికి తీస్తుంది, ఆ మేరకు నేలలో ఖాళీ మిగులుతుంది. ఈ ఒక్క తేడా కోసమే ఎక్కువ డబ్బు పెట్టినా సరేనంటాను.

వాడే ముందు రోజు సాయంత్రం లాన్‌ను బాగా తడపాలి. పొడి ఎర్రమట్టిలో గొట్టం దిగదు, బురదలో దిగితే మట్టి పైకి రాక లోపలే అతుక్కుపోతుంది. నాలుగు అంగుళాలకొకటి చొప్పున రంధ్రాలు పడేలా వరుసలు పట్టుకుని వెనక్కి నడుస్తూ తొక్కాలి. బయటికి వచ్చిన మట్టి కడ్డీలను తప్పకుండా చేతిలోకి తీసుకుని చూడమని నా మనవి. మా లాన్‌లో మొదట తీసిన కడ్డీల్లో పైన వేళ్లు అల్లుకున్న నల్లని అంగుళం, దాని కింద బూడిదరంగు మచ్చల పట్టీ, ఆ కింద ఎర్రమట్టి స్పష్టంగా విడివిడిగా కనిపించేవి. ఆ బూడిదరంగు పట్టీని విరిస్తే మురుగు కాలువ వాసన వచ్చేది. ఎర్రమట్టికి ఆ రంగునిచ్చే ఇనుము, నీరు నిలిచి గాలి అందకపోతే అలా వెలిసిపోతుంది; గడ్డివేరు ఆ పట్టీని దాటి కిందికి దిగకపోవడానికి కారణం అదే. ఇప్పుడు తీసే కడ్డీల్లో ఆ పట్టీ చాలాచోట్ల చెదిరిపోయింది, పాత రంధ్రాల్లోని ఇసుక వెంట తెల్లని వేళ్లు కడ్డీ కింది కొస దాకా దిగి కనిపిస్తున్నాయి. ఈ సమీక్ష రాయడానికి నన్ను పురికొల్పింది ఆ వేళ్లే.

తీసిన మట్టిని అక్కడే నలిపి వదలమని కొందరు చెబుతారు. మంచి నేలకు అది సరిపోతుంది, బంకనేలకు సరిపోదు. కడ్డీలన్నీ ఊడ్చి తట్టకెత్తి, మొక్కల పాదుల్లో వేయాలి. ఆపైన ఇసుక విషయంలో ఏమాత్రం రాజీ పడకూడదు. సముద్రం దగ్గరే ఉంది కదా అని బీచ్ ఇసుక తెస్తే అందులోని ఉప్పు గడ్డిని మాడుస్తుంది. క్రషర్ ఇసుకలోని రాతిపిండి రంధ్రాలను మూసేస్తుంది. మేస్త్రీలు చూసినట్టే ఏటి ఇసుకను తడిపి అరచేతిలో నలపండి. చేతికి మట్టి అంటితే కడిగి ఆరబెట్టాలి. రెండు పాళ్ల ఇసుకకు ఒక పాలు జల్లించిన వర్మీకంపోస్టు కలిపి, కొబ్బరి ఈనెల చీపురుతో రంధ్రాల్లోకి ఊడ్చాలి. గడ్డి కొసలు పైకి కనిపిస్తూ ఉండాలి, పైన పరిచే పొర అరంగుళం మించకూడదు. ఇసుకను బంకమట్టిలో పైపైన కలిపి తవ్వితే మాత్రం నేల ఇంకా గట్టిపడే ప్రమాదం ఉంది. ఇసుక నిలువు కంబాలుగా దిగినప్పుడే నీటికి దారి అవుతుంది.

నాచు దట్టంగా ఉన్నచోట అన్నభేది, అంటే ఫెర్రస్ సల్ఫేట్, నిజంగానే పనిచేస్తుంది. చదరపు మీటరుకు 5 గ్రాములు లీటరు నీటిలో కరిగించి, ఎండ తగ్గాక చల్లితే, కొద్ది రోజుల్లో నాచు నల్లబడుతుంది. అప్పుడు దాన్ని రేక్‌తో గీకి తీసి, ఆ తరువాతే ఏరేటర్ పట్టాలి. ఈ ద్రావణం గచ్చు మీద, టైల్స్ మీద పడితే తుప్పు మరకలు పడి వదలవు కనుక అంచుల వెంట జాగ్రత్త అవసరం. దీన్ని సహాయకారిగానే చూడాలి: ఉన్న నాచును చంపుతుంది గాని, రాబోయే నాచును ఆపలేదు. నేల పులుపు తగ్గడానికి సున్నం చల్లమనే సలహాను భూసార పరీక్ష చేయించకుండా పాటించవద్దు.

ముందే అన్నట్టు, నీటికి పోయే దారి కావాలి. మా మేడ మీది వాననీటి గొట్టం లాన్ అంచున విడిచేది. అక్కడ అడుగు వెడల్పు, అడుగున్నర లోతు కాలువ తవ్వించి, ప్రతి 100 అడుగులకు ఒక అడుగు చొప్పున వాలు ఉంచి, జియోటెక్స్‌టైల్ గుడ్డ (నీటిని పోనిచ్చి మట్టిని ఆపేది) పరిచి, కంకర మధ్యలో రంధ్రాల పీవీసీ గొట్టం వేయించి, పునాదికి దూరంగా తవ్విన ఇంకుడు గుంతలో కలిపించాను. ఏరేటర్ వల్ల వచ్చిన మేలులో కొంత భాగం ఈ కాలువదేనని చెప్పకపోతే పాఠకులకు అన్యాయం చేసినట్టు అవుతుంది.

మిగిలిన జాగ్రత్తలు తెలిసినవే. గడ్డి ఎత్తులో మూడో వంతుకు మించి ఒకసారి కోయకూడదు. ఇసుక పని అయిన రెండు మూడు వారాలకు చదరపు మీటరుకు 10 గ్రాముల యూరియా వేసి వెంటనే తడపాలి. మామిడి చెట్టు నీడ పడేచోట కాయ కోత అయ్యాక కొమ్మలు పలచన చేయాలి. మధ్యాహ్నం కూడా ఎండ తగలని మూల ఉంటే అక్కడ గడ్డి ఆశ మానుకుని నీడను ఓర్చే మొక్కలు పెట్టడం మేలు.

ఫలితం విషయానికొస్తే, ఒకప్పుడు మామూలు వాన తరువాత మర్నాటి ఉదయం దాకా నిలిచే నీరు ఇప్పుడు గంట రెండు గంటల్లో ఇంకుతోంది. తుపాను వానకు మాత్రం నేటికీ నిలుస్తుంది. ఉత్తరపు గోడ నీడలో జానెడు వెడల్పు నాచు పట్టీ మిగిలే ఉంది, తక్కినచోట గడ్డి ఒత్తుగా కమ్ముకుంది. ఈ మార్పు ఒక్క ఏడాదిలో రాలేదు; మొదటి వానాకాలం ముగిసేసరికి తేడా స్వల్పం, తరువాతి వానలకే కంటికి కనిపించింది.

పనిముట్టు లోపాలు కూడా చెప్పాలి. మా మట్టిలోని గులకరాయి గొట్టంలో ఇరుక్కుంటే వెనుక మట్టి పేరుకుంటుంది. సన్నని ఇనుప చువ్వ ఒకటి ఎప్పుడూ నడుముకు దోపుకుని పనిచేయాలి. అడ్డకమ్మీ అతుకు రాయి తగిలి ఊడితే ఆటోనగర్‌లో వెల్డింగ్ చేయించాను, ఆ తరువాత బలంగానే ఉంది. రెండు మూడు సెంట్ల లాన్‌కు ఇది చక్కగా సరిపోతుంది, అంతకు మించితే మనిషి నడుము ఓర్వదు, యంత్రం అద్దెకు తెచ్చుకోవడం నయం. మోకాళ్ల నొప్పులున్నవారు దీన్ని సొంతంగా తొక్కకపోవడమే మంచిది. నేనైతే అయిదుకు నాలుగు మార్కులు ఇస్తాను. కొనేటప్పుడు గొట్టాలు మరతో బిగించినవా, అతికించినవా అని చూసి, మరతో బిగించినవే తీసుకోండి. కొసలు అరిగినప్పుడు గొట్టాలు మాత్రమే మార్చుకోవచ్చు.