క్లోన్‌జిల్లా: ఇంటి కంప్యూటర్ బ్యాకప్‌కి ఏళ్ల తరబడి వాడి రాస్తున్నా

హార్డ్ డిస్క్ మొత్తాన్ని విండోస్‌తో సహా ఉన్నదున్నట్టు ఇంకో డిస్క్‌లోకి ఎక్కించాలంటే నేను క్లోన్‌జిల్లానే వాడతాను. విశాఖ ఎంవీపీ కాలనీలో మా ఇంటి డెస్క్‌టాప్‌కి, నాన్నగారి ల్యాప్‌టాప్‌కి, వన్ టౌన్‌లో బావగారి షాపులో టాలీ (లెక్కల సాఫ్ట్‌వేర్) ఉన్న సిస్టమ్‌కి, అన్నిటికీ అదే. ఫ్రీ, ఓపెన్ సోర్స్, తైవాన్‌లోని ఎన్‌సీహెచ్‌సీ అనే సూపర్ కంప్యూటింగ్ సెంటర్ వాళ్లు తయారుచేసింది. చాలా మంచి టూల్, కాకపోతే దీనికి రాని పనులు కూడా ఉన్నాయి, అవి తెలియకుండా మొదలుపెడితే ఇబ్బంది పడతారు.

ఇది విండోస్ లోపల ఇన్‌స్టాల్ చేసుకునేది కాదు. ఐఎస్‌ఓ ఫైలు డౌన్‌లోడ్ చేసి, రూఫస్ అనే చిన్న ప్రోగ్రామ్‌తో పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించి, ఆ పెన్ డ్రైవ్‌తోనే కంప్యూటర్‌ని ఆన్ (బూట్) చేయాలి, అంటే కాపీ అవుతున్నంతసేపు విండోస్ నడవదు, ఏ ఫైలూ మధ్యలో మారదు, నాకు దీని మీద ఉన్న నమ్మకానికి సగం కారణం అదే. పైగా డిస్క్‌లో వాడిన భాగాన్నే కాపీ చేస్తుంది, 1 టీబీ డిస్క్‌లో 200 జీబీ డేటా ఉంటే ఆ 200 జీబీకి పట్టే టైమే పడుతుంది. మౌస్ పనిలేదు, అంతా అక్షరాల మెనూలే, బాణాల కీలు, ఎంటర్. మొదటిసారి చూసినవాళ్లకి భయంగానే ఉంటుంది, బిగినర్ మోడ్ పెట్టుకుని నిదానంగా చదువుకుంటూ వెళ్తే చాలు.

అసలు జాగ్రత్త పడాల్సింది ఒక్కచోటే, సోర్స్ ఏది టార్గెట్ ఏది అని అడిగే దగ్గర. ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అని పేర్లొస్తాయి, ఆ పేర్లని నమ్మకండి, ఏది ముందు దొరికితే దానికి ఎస్‌డీఏ అని పెట్టేస్తుంది, ఈసారి ఒకలా వచ్చింది వచ్చేసారి ఇంకోలా రావచ్చు. పక్కన సైజు, మోడల్, సీరియల్ నంబర్ చూపిస్తుంది కదా అవి చూడాలి. నేనైతే బూట్ చేయకముందే రెండు డిస్కుల స్టిక్కర్ల మీదున్న మోడల్, సీరియల్ నంబర్ కాగితం మీద రాసి కీబోర్డ్ పక్కన పెట్టుకుంటా, రెండూ ఒకే కంపెనీ ఒకే సైజు అయితే సీరియల్ తప్ప వేరే ఆధారం ఉండదు. ఇంకోటి, విండోస్‌లో 931 జీబీ అని కనిపించే డిస్కే ఇక్కడ 1000 జీబీ అని వస్తుంది, అది వేరే డిస్క్ కాదు, లెక్కపెట్టే పద్ధతి వేరు అంతే. రాసేముందు టార్గెట్‌లో ఉన్నదంతా పోతుంది సరేనా అని రెండుసార్లు అడుగుతుంది, రెండోసారి వై కొట్టేముందు కాగితం ఇంకోసారి చూసుకోండి.

సైజు గురించి ఒక మాట. టార్గెట్ సోర్స్‌తో సమానమైనా ఉండాలి, పెద్దదైనా ఉండాలి. 500 జీబీ హార్డ్ డిస్క్ తీసేసి 480 జీబీ ఎస్‌ఎస్‌డీ వేద్దామంటే నేరుగా ఒప్పుకోదు, లోపల 100 జీబీ డేటానే ఉన్నా సరే. పార్టిషన్ (డిస్క్‌లో సీ, డీ లాంటి భాగం) కుదించి ఎక్స్‌పర్ట్ మోడ్‌లో ఆప్షన్లు మార్చి చేయొచ్చు గానీ, కొత్తవాళ్లకి నేను చెప్పను, పెద్దది కొనుక్కోండి. పెద్ద డిస్క్‌కి వెళ్లినప్పుడు మిగిలిన జాగా చివర ఖాళీగా పడుంటుంది, సీ డ్రైవ్‌ని పెంచుదామంటే మధ్యలో రికవరీ పార్టిషన్ అడ్డొస్తుంది, దాన్ని జీపార్టెడ్ అనే పార్టిషన్లు మార్చే టూల్‌తో పక్కకి జరపాలి.

మొదలుపెట్టేముందు విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపేసి పూర్తిగా షట్‌డౌన్ చేయాలి, లేకపోతే ఫైల్ సిస్టమ్ సగం తెరిచిన స్థితిలోనే ఉండిపోతుంది. బిట్‌లాకర్ (డిస్క్‌కి విండోస్ వేసే తాళం, అంటే ఎన్‌క్రిప్షన్) ఉందేమో కూడా చూడండి, కొత్త ల్యాప్‌టాప్‌లు చాలావాటికి ఎన్‌క్రిప్షన్ ఆన్‌లోనే ఉంటుంది, రికవరీ కీ రాసుకోకుండా ఏదీ కదపొద్దు. క్లోన్ అయ్యాక మొదటిసారి బూట్ చేసేటప్పుడు పాత డిస్క్ కేబుల్ పీకేయండి, రెండిటికీ ఒకే ఐడీ ఉంటుంది కాబట్టి విండోస్ తికమక పడుతుంది.

డిస్క్ ఇప్పటికే టకటక చప్పుడు చేస్తుంటే మాత్రం కథ వేరు. ముందు డిస్క్ ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ప్రోగ్రామ్‌లో 05, సీ5, సీ6 వరసల్లో రా వాల్యూ (పాడైన, చదవలేని చోట్ల లెక్క) చూడండి, సున్నా కాకుండా పెరుగుతూ ఉంటే ఆ డిస్క్‌కి రోజులు దగ్గరపడ్డట్టే. బావగారి షాపు డిస్క్ అలాగే అయింది, బయట చూపిస్తే ఫార్మాట్ తప్ప దారి లేదన్నారట, తీసుకొచ్చి చూస్తే సీ5లో అంకె పెరుగుతోంది. క్లోన్‌జిల్లాలో రెస్క్యూ ఆప్షన్ ఉంది గానీ ఇలాంటివాటికి అదే పెన్ డ్రైవ్ నుంచి కమాండ్ లైన్‌లోకి వెళ్లి డీడీరెస్క్యూ అనే టూల్ వాడటం మేలు, చదవగలిగిన భాగాలు ముందు తీసేసుకుని, పాడైనచోట్లకి చివర్లో వస్తుంది, ఎంతవరకు అయిందో రాసుకునే మ్యాప్ ఫైల్ పెట్టుకుంటే మధ్యలో ఆగినా అక్కడి నుంచే మళ్లీ మొదలుపెడుతుంది. టాలీ డేటా మొత్తం వచ్చింది, అక్క పెళ్లి ఫోటోల్లో కొన్ని పోయాయి. చౌక యూఎస్‌బీ కేబుల్ మీద ఈ పని వద్దు, మధ్యలో డిస్‌కనెక్ట్ అయిపోతుంది, డిస్క్‌ని లోపలే సాటా కేబుల్‌కి తగిలించండి. కరెంటు పోతే ఆగిపోకుండా యూపీఎస్ కూడా ఉండాలి.

ఇక రాని పనులు. మారిన ఫైళ్లు మాత్రమే తీసుకునే ఇంక్రిమెంటల్ బ్యాకప్ దీనికి లేదు, ప్రతిసారీ మొత్తం తీయాల్సిందే. డిస్క్‌ని నేరుగా ఇంకో డిస్క్‌లోకి ఎక్కించకుండా ఫైళ్లుగా దాచుకునే కాపీని ఇమేజ్ అంటారు, దాంట్లోంచి ఒక్క ఫైలు కావాలంటే నేరుగా ఇవ్వదు, ఇమేజ్ మొత్తాన్ని ఇంకో డిస్క్ మీదకి రిస్టోర్ చేసి వెతుక్కోవాలి. రోజువారీ ఫైళ్లకి అందుకే వేరే ఏర్పాటు ఉండాలి. చాలామంది వాడిన మ్యాక్రియమ్ రిఫ్లెక్ట్ ఫ్రీ అనే బ్యాకప్ ప్రోగ్రామ్‌కి 2024 జనవరి 1తో సపోర్ట్ ఆపేశారు కాబట్టి ఫ్రీగా కావాలంటే వీమ్ ఏజెంట్ చూడండి, విండోస్‌లోనే నడుస్తుంది, ఒక్కో ఫైలూ వెనక్కి తీసుకోవచ్చు. ఫోల్డర్ క్లౌడ్‌లో సింక్ అవుతోంది కదా అని ఊరుకోకండి, ఇక్కడ డిలీట్ చేస్తే అక్కడా డిలీట్ అవుతుంది.

కాపీ ఎక్కడ పెడుతున్నారన్నది కూడా ముఖ్యమే. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు పెదనాన్నగారింట్లో కిటికీ అద్దాలు పగిలి గదిలోకి నీళ్లొచ్చాయి, కంప్యూటరూ పోయింది, అదే టేబుల్ సొరుగులో ఉన్న బ్యాకప్ డిస్కూ పోయింది. సముద్రం పక్కన ఊరు మనది, ఒకే గదిలో రెండు కాపీలుంటే అది ఒక కాపీ కిందే లెక్క. మా ఇమేజ్ డిస్క్ ఒకటి గాజువాకలో అక్కవాళ్ల బీరువాలో ఉంటుంది, పండక్కి వెళ్లినప్పుడు మార్చుకుంటాం.

ఇమేజ్ తీశాక చెక్ చేయమంటారా అని అడుగుతుంది, టైమ్ పట్టినా యెస్ అనండి. అయితే ఆ చెక్ ఇమేజ్ చదవడానికి వస్తోందా లేదా అన్నంతవరకే. పాత డిస్క్ తీసేసి కొత్తదాంతో ఆన్ చేసి, విండోస్ వచ్చి, టాలీ తెరుచుకుని, ఫోటోలు నాలుగు తెరిచి చూసేదాకా నేను దాన్ని బ్యాకప్ అనను, పాత డిస్క్‌ని ఫార్మాట్ కూడా చేయను.

విండోస్ 10కి ఉచిత సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది కాబట్టి 11కి మారేవాళ్లు ముందు ఒక ఇమేజ్ తీసి పెట్టుకోండి. మా డెస్క్‌టాప్‌ని మార్చినప్పుడు నాన్నగారి పాత స్కానర్‌కి 11లో డ్రైవర్ ఎక్కలేదు, ఆయన పెన్షన్ కాగితాలన్నీ దాంతోనే స్కాన్ చేస్తారు. మధ్యాహ్నం రిస్టోర్ పెడితే సాయంత్రం టీ టైముకి పాత విండోస్, పాత స్కానర్ రెండూ పనిచేస్తున్నాయి, ఇప్పుడు స్కానర్‌కి ఆ విండోస్ 10 డిస్క్‌నే నెట్ లేకుండా వాడుతున్నాం, మిగతా పనులకి 11 వేరే ఎస్‌ఎస్‌డీలో వేశాను.