కాపురం కోసం ఆపరేషన్ కాన్పు మేలా?

"నార్మల్ అయితే కింద వదులైపోతది, ఆపరేషన్ చేయించుకో." హన్మకొండలో మా వాడకట్టులో నెలలు నిండిన అమ్మాయికి ఒక పెద్దామె చెప్పిన మాట ఇది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం ఆపరేషన్లే. కరీంనగర్ జిల్లాలో 80 శాతం దాటాయి. ముహూర్తం గురించి, నొప్పుల భయం గురించి అందరూ మాట్లాడతారు. నార్మల్ అయితే కాపురం దెబ్బతింటుందన్న ఈ భయాన్ని మాత్రం చెవిలోనే చెప్పుకుంటారు.

కాన్పయ్యాక మొదటి మూడు నెలల్లో తేడా ఉన్నమాట నిజమే. నార్మల్‌లో కోసి కుట్లు వేసినా, బిడ్డను బయటికి లాగే పట్టకారు (ఫోర్సెప్స్) వాడినా, చీలిక మలద్వారం కండరం దాకా వెళ్లినా కలయికలో నొప్పి ఎక్కువ రోజులు ఉంటుంది. ఆపరేషన్‌లో ఆ గాయం ఉండదు, కానీ పొట్ట మీది కోత పక్కకు తిరిగినా లాగుతుంది. ఆరు నెలలు, ఏడాది గడిచేసరికి నొప్పిలో, కోరికలో రెండు రకాల తల్లులకూ పెద్ద తేడా మిగలదు. దగ్గితే మూత్రం పడటం, గర్భసంచి జారడం మాత్రం నార్మల్‌ తర్వాతే ఎక్కువ. అయితే కటి కండరాలు తొమ్మిది నెలల బరువుకే అలసిపోతాయి కాబట్టి, వాటిని బిగించి వదిలే కెగెల్ వ్యాయామం ఇద్దరికీ అవసరమే.

అసలు ఎక్కువమందిని బాధపెట్టేది యోనిలో పొడిదనం. పాలిచ్చేటప్పుడు ఈస్ట్రోజెన్ హార్మోన్ తగ్గుతుంది, కాన్పు ఏదైనా సరే. పాపం, చాలామంది భర్తలు దీన్ని అయిష్టం అనుకుంటారు. మెడికల్ షాపులో నీటి ఆధారిత జెల్ దొరుకుతుంది. నూనె వాడితే కండోమ్ చిరిగిపోవచ్చు.

అందుకే, వైద్య కారణం లేకుండా కాపురం కోసమని కోత పెట్టించుకోవద్దనే నేను గట్టిగా చెబుతాను. పైగా ఆపరేషన్ తర్వాత వెంటనే కడుపొస్తే పాత కుట్టుకు ముప్పు, రెండేళ్లైనా ఎడం కావాలి. నెలసరి రాకముందే అండం విడుదలై మళ్లీ కడుపు రావచ్చు. కాపర్-టి అయితే కాన్పయిన 48 గంటల్లోపు ఆసుపత్రిలోనే వేయించుకోవచ్చు.

కలయిక ఆరు వారాలకే మొదలుపెట్టాలా, ఇంకా ఆగాలా? బాలింత తల్లిగారింట్లో మూడు నెలలు ఉండే మన పద్ధతి ఇక్కడ మంచిదే. ఆరు వారాల చెకప్‌లో కుట్లు చూపించుకోవాలి, ఆ తర్వాత ఎప్పుడన్నది ఆమే చెప్పాలి. మూడు నెలలు దాటినా నొప్పి తగ్గకపోతే, లేదా ఊరికే ఏడుపొస్తూ బిడ్డ మీద కూడా మనసు పోకపోతే, సిగ్గుపడకుండా డాక్టరమ్మకు చెప్పండి. ఆమె అడిగేదాకా ఆగకండి.