విజీనారం గంటస్తంభం దగ్గర స్పోకెన్ ఇంగ్లీష్ క్లాస్: మాటలు బాగా నేర్పారు, వేళ్ల దగ్గరే తేడా కొట్టింది

గంటస్తంభం దగ్గర మేడ మీద ఉన్న ఒక స్పోకెన్ ఇంగ్లీష్ కోచింగ్ గురించి ఇది. పేరు రాయట్లేదు, కింద కొంచెం తిట్లు కూడా ఉన్నాయి కాబట్టి. 45 రోజులు, పొద్దున్న ఏడున్నర బ్యాచ్, ఫీజు 4000, జెరాక్స్ బుక్కుకి ఇంకో 200 విడిగా తీసుకున్నారు, అది ముందు చెప్పలేదు.

నేనెందుకు జాయినయ్యానో చెప్తే ఈ రివ్యూ అర్థమవుద్ది. ఇంట్లో కూచునే ఒక యూకే కంపెనీకి చాట్ సపోర్ట్ చేస్తాను. మా మేనేజర్ మేడమ్ ఒకసారి నా రిపోర్ట్ చూసి "క్వైట్ గుడ్" అని పెట్టింది, నేను పొంగిపోయి ఇంట్లో అందరికీ ఫోన్ చూపించేశాను, వారం తిరక్కుండా అదే రిపోర్ట్ మళ్లీ చెయ్యమంది. ఇంకోసారి "నాట్ బ్యాడ్ ఎట్ ఆల్" అంది, అయిపోయింది మన పని అనుకుని ఆ రాత్రి నిద్రే లేదు, తీరా చూస్తే నెలాఖరికి ఆ పనికే ఇన్సెంటివ్ పడింది. గ్రామర్ మనకి పదో తరగతి నుంచీ వచ్చు, వాళ్లు మెచ్చుకున్నారో తిట్టారో తెలీపోతే గ్రామర్ ఏం చేసుకుంటాం.

ఈ విషయంలో మాత్రం మాస్టారికి దండం పెట్టాలి. నాలుగు రోజులు వరసగా మెచ్చుకునే మాటల మీదే పెట్టారు. బ్రిటన్‌లో "క్వైట్ గుడ్" అంటే ఓ మోస్తరు అని, అదే మాట అమెరికావాళ్లు అంటే చాలా బాగుందని అట. "బ్రిలియంట్", "లవ్లీ" చూసి మనం ఎగిరిపోకూడదట, బ్రిటన్‌లో పెన్ను అందించినా బ్రిలియంటే, చిల్లర తిరిగిచ్చినా లవ్లీయే. "దట్స్ ఇంట్రెస్టింగ్" అని ఊరుకున్నారంటే నచ్చలేదేమో అని ఒకసారి అనుమానించమన్నారు. పెద్ద మాటలు చవక, చిన్న మాటలే ఖరీదు. "నాట్ బ్యాడ్" అన్నారంటే సంతోషపడొచ్చు.

ఇదంతా బోర్డు మీద రాస్తుంటే మాకు సగమే ఎక్కింది. అప్పుడు చీపురుపల్లి నుంచి వచ్చే ఒక పిన్నిగారు (కొడుకూ కోడలూ లండన్‌లో ఉంటారు, మనవడితో మాట్లాడ్డానికి నేర్చుకుంటున్నారు) లేచి, "ఇందులో ఏటుంది మాస్టారూ, మా మావగారూ అంతే కదా, నా చేతి చేపల పులుసు ఇరవై ఏళ్లు తిన్నారు, ఒక్కనాడు బావుందన్లేదు, 'పర్లేదమ్మా' అన్నారంటే ఆ పూట రెండోసారి అన్నం ఎట్టించుకున్నట్టే" అన్నారు. క్లాసంతా నవ్వులు. నాకు మాత్రం ఒక్కసారి బల్బు వెలిగింది, మనూళ్లో "పర్లేదు", "తినొచ్చు", "ఏదో చేశాడ్లే" అని పెద్దాళ్లు అనే మాటలన్నీ ఇంగ్లీషోళ్ల "నాట్ బ్యాడ్"కి అన్నదమ్ములే. మాస్టారు ఆ ఉదాహరణ తర్వాత బ్యాచ్‌కి వాడుకుంటున్నారని విన్నాను, పిన్నిగారికి ఫీజులో ఏమైనా తగ్గించారో లేదో తెలీదు.

ఇంకోటి కూడా పనికొచ్చింది. పైవాళ్లకి "గుడ్ జాబ్", "వెల్ డన్" అని కొట్టకూడదట, మనం వీపు తట్టినట్టు ఉంటుందట. మనమూ నాన్నగారిని పట్టుకుని శభాష్ అనం కదా. నేను అప్పటిదాకా మా మేడమ్‌కి నెలకి నాలుగు గుడ్ జాబ్‌లు పంపించాను, తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తది.

తల ఊపుడు క్లాసు అయితే కామెడీ. మనం సరే అనడానికి తల అటూ ఇటూ ఆడిస్తాం కదా, వీడియో కాల్‌లో తెల్లోళ్లకి అది కాదన్నట్టు కనపడొచ్చని, కిందకీ పైకీ ఊపమని ప్రాక్టీస్ చేయించారు. ఇరవై మంది గడ్డాలు పట్టుకుని తలలు ఊపుతుంటే టీ తెచ్చిన కుర్రాడు గుమ్మంలోనే ఆగిపోయాడు.

ఇక అసలు గొడవ. వేళ్ల సైగల రోజు మాస్టారు ప్రిపేర్ అవకుండా వచ్చారనిపించింది. ఓకే అంటే యుద్ధంలో "జీరో కిల్డ్" అని, ఎవరూ చావలేదని బోర్డు మీద రాసేవారట, అందులోంచి పుట్టిందని చెప్పారు. కాదు సార్. అది 1839 మార్చి 23న బోస్టన్ మార్నింగ్ పోస్ట్ పేపర్‌లో అచ్చయింది, "ఆల్ కరెక్ట్"ని కావాలనే తప్పు స్పెల్లింగ్‌తో "ఓల్ కొరెక్ట్" అని రాసి కుదించిన జోకు అది, తర్వాతేడు ప్రెసిడెంట్ ఎలక్షన్‌లో వాన్ బ్యూరెన్ మనుషులు ఆయన ముద్దుపేరు ఓల్డ్ కిండర్‌హుక్‌కి కూడా ఓకే అని వాడేసరికి ఊరంతా పాకింది. చెప్తే "మీరు నెట్‌లో చూసి వచ్చారా" అన్నారు.

పైగా బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టి చూపిస్తే ప్రపంచమంతా ఓకే అని రాయించారు. బ్రెజిల్‌లో అది బూతు, ఫ్రాన్స్‌లో సున్నా, పనికిరాదని కూడా అనుకోవచ్చు, జపాన్‌లో డబ్బులని అర్థం. మా బ్యాచ్‌లో నేవీలో చేసి రిటైరైన అంకుల్ ఒకాయన చెప్పిందే నాకు గుర్తుండిపోయింది, నీళ్లలో డైవింగ్ చేసేటప్పుడు ఆ సున్నాయే బాగున్నానని చెప్పే సైగట, బొటనవేలు పైకెత్తితే సూపర్ అని కాదు, పైకెళ్లిపోదాం అనట. నీళ్లలో ఆనందంగా థమ్సప్ చూపిస్తే టూర్ మధ్యలోనే పైకి లాగేస్తారన్నమాట. రెండు వేళ్ల విక్టరీ సైగ కూడా అంతే, అరచెయ్యి మనవైపు తిప్పి చూపిస్తే బ్రిటన్‌లో తిట్టే, 1992లో సీనియర్ బుష్ ఆస్ట్రేలియాలో కారులోంచి అలాగే చూపించి నవ్వులపాలయ్యాడు. ఇంత పెద్ద విషయం వాళ్ల బుక్కులో ఒక్క లైన్ లేదు. హై ఫైవ్ గురించి ఏదైనా చెప్తారేమో అని చూశాను, అదీ లేదు (1977లో ఒక అమెరికా బేస్‌బాల్ మ్యాచ్‌లో మొదలైందంటారు, మన థమ్సప్ కూల్‌డ్రింకు వచ్చింది కూడా ఆ ఏడే).

రూమ్‌లో రెండు ఫ్యాన్లు, ఒకటే తిరుగుద్ది. బండి పెట్టుకోడానికి చోటు లేదు.

ఆఖరి రోజు ఫీడ్‌బ్యాక్ కాగితం ఇచ్చారు. నేర్చుకున్నది వాడదామని మాటల క్లాసుకి "నాట్ బ్యాడ్ ఎట్ ఆల్" అని రాశాను. రిసెప్షన్‌లో అమ్మాయి చూసి మొహం మాడ్చుకుని, "ఏటి సార్, ఇంత చెప్పించుకుని ఇలగ రాసేసారేటి" అంది. మెచ్చుకున్నానమ్మా అంటే నమ్మలేదు, చివరికి కొట్టేసి ఎక్సలెంట్ అని టిక్కు పెట్టాకే సర్టిఫికెట్ ఇచ్చింది.

5కి 3.5 ఇస్తాను. వెళ్లేవాళ్లు పొద్దున్న బ్యాచ్‌కే వెళ్లండి, సాయంత్రం వేరే సార్ అట. వేళ్ల సైగల రోజు మానేసినా నష్టం లేదు.