పాయింట్ టూటూ రైఫిలా, ఇన్సాసా?
కావలి, కందుకూరు కాలేజీల ఎన్‌సీసీ పిల్లలు తరచూ అడుగుతుంటారు: క్యాంపులో కాల్చే పాయింట్ టూటూ (.22) అనే చిన్న తూటా రైఫిల్‌కీ, ఉద్యోగం చేసుకుంటూనే ఏటా శిక్షణకు వెళ్లే టెరిటోరియల్ ఆర్మీవాళ్లు పట్టే సైనిక రైఫిల్ ఇన్సాస్‌కీ తేడా ఏమిటని.

టూటూతో టార్గెట్ 25 మీటర్లలోనే ఉంటుంది, భుజానికి దెబ్బ తెలియదు. ఊపిరి ఆపడం, ట్రిగ్గర్ గుంజకుండా మెల్లగా నొక్కడం నేర్చుకోవడానికి దాన్ని మించింది లేదు.

ఇన్సాస్‌ది 5.56 మి.మీ. తూటా, బరువు 4 కిలోల పైమాటే. అసలు పరీక్ష చప్పుడుతోనే. కొత్తవాళ్లు టెన్షన్‌తో కళ్లు మూసుకుని ట్రిగ్గర్ గుంజేస్తారు, గురి తప్పుతుంది. చెవులకు రక్షణ ఉండాల్సిందే. దూరం 300 మీటర్లకు పెరిగితే గాలి కూడా తూటాను పక్కకు నెడుతుంది. మన కోస్తాలో మధ్యాహ్నం సముద్రపు గాలి ఎలా వీస్తుందో తెలిసిందే కదా!

టూటూ చిన్నదని అలుసుగా పట్టుకునేవాళ్లను చూస్తే నాకు నిజంగా భయం. దాని తూటా కిలోమీటరు దాటి పోగలదు. ఏ రైఫిలైనా ఖాళీ అని తెలిసినా మూతి టార్గెట్ వైపే, ఆర్డర్ వచ్చేదాకా వేలు ట్రిగ్గర్ బయటే.

నా ఓటు ముందు టూటూకే. అందులో తూటాలన్నీ ఒకేచోట గుంపుగా పడుతున్నాకే ఇన్సాస్ పట్టండి.